ఎనిమిది బోల్టులు

ఆ ఎండాకాలమంతా మా ఇల్లు వెనిగర్ వాసన వేసింది. పరుపులు, కర్టెన్లు, నేను వాళ్ళకీ వీళ్ళకీ కుట్టిపెట్టే దిండు గలీబులు, ఆఖరికి నా జుట్టు కూడా. మా మరిది గుమ్మంలో అడుగు పెడుతూనే ముక్కు మూసుకుని, "ఇల్లు మొత్తం ఊరబెడుతున్నావా ఏంటి వదినా?" అనేవాడు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే చాలు, కళ్ళముందు ఒక ఆకుపచ్చటి వెలుగు పరుచుకుంటుంది. మధ్యాహ్నపు షెడ్డు, ప్లాస్టిక్ తొట్టి, అందులోంచి పైకి లేచే సన్నటి బుడగలు. నిద్ర పట్టీ పట్టనట్టుండే ఆ రోజులు నిజంగా జరిగాయా అని నాకే అనుమానం వస్తుంది.

జరిగాయి. నేను చేసిన పని కూడా నిజంగానే జరిగింది.

మా ఆయన ఫిట్టరు. తమ్ముడి వర్క్‌షాపులో, కిటికీ పక్క బల్ల దగ్గర, ఇరవై ఎనిమిదేళ్ళు కార్ల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. అంతకుముందు చలికాలంలో ఒక ఉదయం చేతిలో గ్లాసు జారిపోయింది. చిన్న పక్షవాతం అన్నాడు డాక్టరు. నెల తిరిగేసరికి నడక వచ్చింది, మాట వచ్చింది, కోపమైతే అన్నిటికంటే ముందే వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం మొద్దుబారి అలాగే ఉండిపోయాయి. కదులుతాయి, పట్టుకుంటాయి. ఎంత గట్టిగా పట్టుకున్నాయో మాత్రం ఆయనకు చెప్పవు.

ఎండలు ముదరకముందే మా మరిది వచ్చి, టీ గ్లాసు చేతిలో తిప్పుతూ తిప్పుతూ అసలు సంగతి బయటపెట్టాడు.

"అన్నయ్యా, స్పేర్ పార్టుల కౌంటర్లో కూర్చో. ఫ్యానుంది, కుర్చీ ఉంది. ఏ పార్టు ఏ బండిదో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

"నా బల్ల ఎవడికిచ్చావ్?" అన్నారు ఆయన.

"ఎవరికీ ఇవ్వలేదు. నీ బల్ల నీదే. కానీ..."

ఆ 'కానీ' తర్వాత ఏముందో ముగ్గురికీ తెలుసు. బల్ల దగ్గర పనంటే ఒకరి బ్రేకులు, ఇంకొకరి స్టీరింగు. తన పట్టు తనకే తెలియని మనిషి చేతిలో వాటిని పెట్టడానికి ఎవరైనా జంకుతారు. మా మరిది చెడ్డవాడేం కాదు, అన్నగారంటే ప్రాణం పెట్టేవాడే.

ఆయన లేచి వెళ్ళి పెరటి తలుపు తీశారు. షెడ్డులో, టార్పాలిన్ కింద, పదేళ్ళ కిందట తుక్కులోకి పోతుంటే జాలిపడి తెచ్చుకున్న పాత కారు ఉంది. దాన్ని ఎప్పుడో ఒకప్పుడు బాగుచేస్తానంటూ పదేళ్ళూ గడిపేశారు. నేను దాని మీద ఉల్లిపాయలు ఆరబెట్టుకునేదాన్ని.

"ఎండలు తగ్గేలోగా దీన్ని నా చేతులతో లేపుతా. స్టార్టయి, పొగ సందుల్లోంచి కారకుండా తిన్నగా వెనక గొట్టంలోంచి వచ్చిందంటే బల్ల దగ్గరికొస్తా. రాలేదా, నోరు మూసుకుని నీ కుర్చీలో కూర్చుంటా. సరేనా?"

"సరే అన్నయ్యా" అన్నాడు మరిది, నా వైపు చూస్తూ. నేను తల దించుకున్నాను. ఆయన గెలవాలని నాకు ఉంది. ఆ కారు కింద దూరి, మొద్దుబారిన చేతిమీద ఏం పడేసుకుంటారోనన్న భయం కూడా అంతే ఉంది. ఆ రెండూ ఆ ఎండాకాలమంతా నాలో పక్కపక్కనే కాపురం చేశాయి.

పూత పని నా నెత్తిన పడింది. విప్పిన ప్రతి బోల్టూ, ప్రతి బ్రాకెట్టూ తుప్పుతో గోధుమరంగులో ఉన్నాయి. వాటిని ఆసిడ్‌లో ముంచి కడగాలి, మళ్ళీ తుప్పు పట్టకుండా నికెల్ పూత వెయ్యాలి. ఆసిడ్ సీసా ఆయన చేతికివ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. "నేను చేస్తాను" అని నోరు జారాను.

మా వీధి చివర ఒక పెద్దావిడ ఉండేది. పూత ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు తొట్ల దగ్గర నిలబడి రిటైరైన మనిషి. వీధంతా ఆవిడని నికెల్ పెద్దమ్మ అనేవాళ్ళు. నేను వెళ్ళి అడిగితే ఎగాదిగా చూసి, "కుట్టుపని చేసుకునేదానివి, నీకెందుకే ఈ పాడు పని?" అంటూనే ఒక తొట్టి, రెండు నికెల్ పట్టీలు, తను వాడి పక్కన పడేసిన పాత ఓవెన్ కూడా ఇచ్చింది. దగ్గరుండి నేర్పింది. వెనిగర్లో నికెల్ పట్టీ వేలాడదీసి కరెంటు పెడితే, ఒకరోజులో ఆ నీళ్ళు పచ్చగా తిరుగుతాయి. ఆ పచ్చటి నీళ్ళలో శుభ్రంగా కడిగిన ఇనుము వేలాడదీసి మళ్ళీ కరెంటు పెడితే, పట్టీ మీది నికెల్ కొంచెం కొంచెంగా దాన్ని పట్టుకుంటుంది.

"ఒక్క మాట మాత్రం మర్చిపోకు" అంది చూపుడువేలు ఆడిస్తూ. "బ్రాకెట్లూ గట్రా ఎలా చేసినా ఫరవాలేదు, మెత్తటి ఇనుము. గట్టి ఉక్కు బోల్టులున్నాయి చూడు, వాటిని తొట్టిలోంచి తీసిన గంటలోపే ఓవెన్లో పెట్టాలి. నాలుగు గంటలు. నాలుగంటే నాలుగే. తొట్టిలో ఉన్నప్పుడు కంటికి కనపడని గాలి ఒకటి ఉక్కులోకి దూరుతుంది. వేడికి మెల్లగా బయటికి పోతుంది. పోలేదనుకో, లోపలే నక్కి కూర్చుంటుంది. నువ్వు బిగిస్తావ్, బాగానే ఉంటుంది. ఒకరోజు పోయాకో రెండ్రోజులు పోయాకో, ఎవ్వరూ ముట్టుకోకుండానే టప్పుమంటుంది."

నేను ఆరిందాలా తలూపాను. పూత సంగతులు ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. షెడ్డులో ఆ మూల నా రాజ్యం. నా జీవితంలో అంతవరకూ నాకంటూ ఒక మూల లేదు కాబట్టి, నేను దాన్ని కొంచెం ఎక్కువగానే ప్రేమించాను.

మధ్యాహ్నాలు గాలి కదిలేది కాదు. ఆయన కారు ముందు చాప వేసుకుని పానాలన్నీ వరసగా పేర్చుకుని పనిచేసేవారు. నేను పాదాలు నీళ్ళ బకెట్లో పెట్టుకుని తొట్టి పక్కన కూర్చునేదాన్ని. పైకప్పు రేకు సందులోంచి ఎండ పచ్చనీళ్ళ మీద పడి, ఆ రంగు గోడల మీదా, కారు మీదా, ఆయన తెల్లజుట్టు మీదా ఊగుతుండేది. బుడగలు ఒక్కొక్కటే లేచేవి. చూస్తూ చూస్తూ నేను ఎక్కడికో వెళ్ళిపోయేదాన్ని. ఉలిక్కిపడి చూసేసరికి తీగకు వేలాడుతున్న బ్రాకెట్టు తెల్లబడి ఉండేది. రాత్రి ఏడ్చి పడుకున్న పిల్ల పొద్దున్నే నవ్వుతూ లేచినట్టు ఉండేది నాకు.

"ఏం చూస్తావే గంటలు గంటలు?" అనేవారు ఆయన.

"మీరు ఇరవై ఎనిమిదేళ్ళు ఏం చూశారో అదే" అనేదాన్ని. ఆయన నవ్వేవారు. జబ్బు చేసిన తర్వాత ఆయన నవ్వడం అక్కడే మొదలైంది.

అన్నిటికంటే కష్టం హెడర్ దగ్గర వచ్చింది. ఇంజన్లోంచి పొగ తెచ్చే నాలుగు గొట్టాలు ఒకచోట కలిసే భాగం అది. కలిసే చోట, మెడ దగ్గర, వెంట్రుకంత పగులు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు.

"దీనికి నాలుగే వేళ్ళు. అయినా నా అయిదు వేళ్ళకన్నా నయం" అన్నారు.

పగులు రెండు చివరలా సుద్దతో గుర్తు పెట్టి, చిన్న డ్రిల్లుతో చెరొక చిల్లు వేశారు. బాగుచెయ్యాల్సిన దానికి చిల్లులేంటని నేను నోరెళ్ళబెట్టాను.

"ఇక్కడిదాకానే అని దానికి చెప్పాలి. లేకపోతే వెల్డింగు పక్కనుంచి పాక్కుంటూ పోతుంది."

మొదటిరోజు వెల్డింగు పాడైంది. చెయ్యి ఒకచోట ఆగిపోయి, ఆగినట్టు ఆయనకు తెలియక, గొట్టానికి బఠాణీ గింజంత చిల్లు పడింది. ఆయన ముసుగు తీసి నేలకేసి కొట్టారు. మర్నాడు నేను బ్యాగులకు వాడే దళసరి పట్టీ తీసి, రెండు పేటలుగా కుట్టి, షెడ్డు దూలానికి వేలాడగట్టాను. అందులో మణికట్టు పెడితే చెయ్యి బరువు దూలం మోస్తుంది, కదిపే పని భుజానిది.

"ఉయ్యాల కట్టావా నాకు?" అన్నారు.

"ఊగండి మరి."

ఆ ఉయ్యాలలో చెయ్యి పెట్టుకుని ఆయన చిల్లు పూడ్చారు, పగులు మొత్తం మూశారు. చల్లారాక గీత మీద వేలు పెట్టి చూశాను. చిన్న చిన్న అలలు, ఒకే ఎత్తులో, ఒకదాని వెనక ఒకటి. ఆయన బయటికెళ్ళి కుళాయి కింద మొహం కడుక్కుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఏడ్చారని నాకు తెలుసు, అడగలేదు.

ఇక హెడర్‌ని ఇంజన్‌కి బిగించాలి. ఎనిమిది బోల్టులు. గట్టి ఉక్కు రకం.

ఆ ఎనిమిదింటికీ నేను పెట్టిన శ్రద్ధ నా పెళ్ళిచీర మీద కూడా పెట్టలేదు. కడిగి, తోమి, ఒక్కొక్కదానికీ రాగితీగ చుట్టి, పచ్చనీళ్ళలోకి దించాను. బయటికి తీసేసరికి అవి అంతవరకూ నేను చేసిన వాటన్నిటినీ తలదన్నాయి. పళ్ళెంలో పేర్చి ఓవెన్లో పెట్టాను. గడియారం చూసుకున్నాను. మూడు.

నాలుగయ్యేసరికి మధ్యాహ్నపు కునుకు తీసి ఆయన లేచారు. షెడ్డులోంచి ఈల వినిపించింది. ఆయన ఈల వేసి ఎన్నాళ్ళయిందో. ఓవెన్ అద్దంలోంచి తొంగి చూస్తే, వేడికి బోల్టుల మెరుపు కాస్త పసుపు తిరగబోతున్నట్టు అనిపించింది. ఇంకా మూడు గంటలుంచితే ఈ తెలుపు ఉండదు. ఈ తెలుపు ఆయన చూడాలి. ఇప్పుడు, ఆ ఈల ఆగకముందే చూడాలి. పోయినవారం బ్రాకెట్లు అసలు ఓవెన్లో పెట్టకుండానే సరిపోలేదా? పెద్దమ్మది చాదస్తం. ఫ్యాక్టరీలో లక్షల బోల్టులకు పెట్టిన నియమం నా ఎనిమిదింటికీ ఎందుకు?

ఓవెన్ కట్టేశాను. పళ్ళెం పట్టుకుని షెడ్డులోకి నడిచాను.

ఆయన ఒకటి తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. "ఇది బిగించబుద్ధి కావట్లేదే. దాచుకోబుద్ధవుతోంది" అన్నారు. ఆ మాటకి నా కడుపు నిండిపోయింది. ఓవెన్ సంగతి అప్పుడే మర్చిపోయాను.

ఎండ దిగేవేళకు మరిది వచ్చాడు. ఆయన హెడర్ ఎత్తి పెట్టి బోల్టులు ఎక్కించడం గుమ్మంలో నిలబడి చూశాడు. జేబులోంచి తీసినంత మామూలుగా, కొలత చూపించే పానా ఒకటి ముందుకు చాపాడు. ఎంత బలంతో బిగిస్తున్నామో ముల్లు చూపించే రకం.

"దీంతో బిగించు అన్నయ్యా."

"అది నేర్చుకునేవాళ్ళకి. నాకు నా మోచెయ్యి చెబుతుంది."

మరిది నా వైపు చూశాడు. నేను ఖాళీ పళ్ళెం తీసుకుని పక్కకి జరిగాను. ఆయన మామూలు పానాతోనే, ఎడమచెయ్యి ఆనించి, ఎనిమిదీ బిగించారు. ఇంకా కార్బురేటరు మిగిలింది. ఆదివారం స్టార్ట్ చేద్దామనుకున్నారు.

శనివారం ఉదయం మేం షెడ్డులో టీ తాగుతున్నాం. కారు దగ్గర ఎవరూ లేరు. ఇంజన్ వైపు నుంచి ఠంగుమని చిన్న చప్పుడైంది. ఏదో కింద పడి దొర్లింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి వెళ్ళి వంగి చూశారు. నేల మీద తెల్లగా మెరుస్తూ ఒక బోల్టు తల. పైన చూస్తే మరో రెండింటికీ తలలు లేవు. అవి ఎప్పుడు రాలాయో కింది రేకులో పడి ఉన్నాయి.

ఆయన ఆ మూడు తలల్నీ ఏరి అరచేతిలో పెట్టుకున్నారు. వాటి వంక కాదు, తన చేతి వంక చూస్తున్నారు.

"మరీ ఎక్కువ బిగించేశా" అన్నారు మెల్లగా. "తెలీలేదు. అంత బలం పెడుతున్నట్టు అసలు తెలీలేదే."

నా నోట్లో టీ అలాగే ఉంది. మింగాను. "మీరు కాదు" అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలూ రాలేదు. ఆయన తలలు ఖాళీ టీపొడి డబ్బాలో వేసి మూత పెట్టారు. పానాలు తుడిచి గుడ్డలో చుట్టారు. టార్పాలిన్ కప్పారు. లోపలికెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసి, "ఆ కౌంటర్ ఇంకా ఖాళీయేనా?" అని అడిగారు. ఈ బుధవారం కాదు, ఆ పై బుధవారం నుంచి రమ్మన్నాడు మరిది.

మధ్యాహ్నం నేను డబ్బాలోంచి ఒక తల తీసి కొంగులో కట్టుకుని నికెల్ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని విరిగిన చోటు ఒక్కసారి చూసింది.

"ఎంతసేపు పెట్టావ్?"

"గంట."

"నేనెంత చెప్పాను?"

"నాలుగు."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీ ఆయనకి చెప్పావా?" అంది. చెబుతానన్నాను.

పదకొండు రోజులు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే భయమేసి అని చెప్పుకోవచ్చు. అది సగమే నిజం. మొదటిరోజు భయమే. ఆ తర్వాత మా ఇంట్లోకి ఒక మెత్తటి ప్రశాంతత వచ్చింది. షెడ్డు తలుపు మూసి ఉంది. పైనుంచి ఏదైనా పడుతుందేమోనని నేను చెవులు రిక్కించుకుని ఉండక్కర్లేదు. ఆయన మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయేవారు. సాయంత్రం నా మిషన్ పక్కన కూర్చుని, ఎడమచేత్తో బఠాణీలు ఒలిచేవారు. వెనిగర్ వాసన కూడా తగ్గడం మొదలైంది. కౌంటరు, కుర్చీ, ఫ్యాను. ఈ మనిషి నాకు క్షేమంగా దక్కుతాడు. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. ఇంత తేలికైన పని నాకెవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు సుఖంగానే ఉండేది.

ఆ బుధవారం వచ్చింది. మరిది కారు తెచ్చి వీధిలో ఆపి, లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆయనకి నేను కొత్త చొక్కా ఇస్త్రీ చేసిపెట్టాను. గదిలోకి వెళ్ళేసరికి ఆయన దాన్ని తొడుక్కుని, గుండీలు పెట్టుకోకుండా, చేతులు రెండు పక్కలా వదిలేసి నా కోసం నిలబడి ఉన్నారు.

జబ్బు చేసిన కొత్తల్లో కూడా ఆయన నన్ను గుండీ ముట్టుకోనివ్వలేదు. అరగంట పట్టినా, చెమటలు పట్టినా, తనే పెట్టుకునేవారు. ఇప్పుడు ప్రయత్నం కూడా చెయ్యలేదు. బడికి వెళ్ళే పిల్లాడిలా గడ్డం కొంచెం పైకెత్తి ఉంచారు.

నేను మొదటి గుండీ పెట్టాను. రెండోది పెట్టాను. మూడో గుండీ దగ్గర నా చేతులు ఆగిపోయాయి.

"ఆ బోల్టులు విరిగింది మీ వల్ల కాదు" అన్నాను.

ఆయన గడ్డం దించి చూశారు.

"వాటిని నాలుగు గంటలు కాల్చాలి. నేను గంటకే తీసేశాను. తెల్లగా ఉన్నప్పుడే మీరు చూడాలని. కాల్చకపోతే అవే విరుగుతాయి, ఎవరు బిగించినా విరుగుతాయి. పెద్దమ్మ ముందే చెప్పింది. విరిగిన రోజునే నాకు తెలుసు."

ముందు గదిలో మరిది దగ్గు వినపడింది.

"డబ్బా తీసుకురా" అన్నారు.

తెచ్చాను. ఒక తల తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళి, విరిగిన ముఖం వెలుగులో పెట్టి చూశారు. ఇంకోటి చూశారు. నేను పెద్దమ్మకి చూపించి తిరిగి డబ్బాలో వేసిన మూడోదీ చూశారు.

"మరీ బిగిస్తే బోల్టు సాగుతుంది. మెడ సన్నబడి, అప్పుడు తెగుతుంది" అన్నారు, నాతోనో తనతోనో. "ఇవి సాగనే లేదు. పంచదార పలుకు విరిగినట్టు విరిగాయి. చూస్తే తెలిసిపోయేది. ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే కదా నా పని. నేను అసలు చూడనే లేదు."

"నేను చెప్పాల్సింది."

"చెప్పాల్సింది" అన్నారు. ఆ మాట గట్టిగానే అన్నారు. "పదకొండు రోజులు. నేను పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటే మిషన్ తొక్కుకుంటూ ఎలా ఉన్నావే నువ్వు?"

అబద్ధమాడే ఓపిక నాకు లేదు. "హాయిగా ఉన్నాను. మీకేం కాదని" అన్నాను. చెప్పేసరికి కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

ఆయన తలలు మళ్ళీ డబ్బాలో వేశారు. కోపంగా ఏదో అనబోయి ఆగినట్టున్నారు. గొంతు తగ్గించి, "నాకూ హాయిగానే ఉంది" అన్నారు. "చేతి మీదికి నెట్టేస్తే ఇంక దేనికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. అందుకే చూడలేదేమో."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. పెళ్ళయి ఇన్నేళ్ళలో అంత నిజం ఒక్కసారిగా మా గదిలోకి ఎప్పుడూ రాలేదు. నేను ఆయన చొక్కా మిగతా గుండీల వైపు చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి పక్కకి తీసి, కొత్త చొక్కా విప్పి మంచం మీద పడేసి, మేకుకున్న నూనెమరకల చొక్కా తొడుక్కుని పెరట్లోకి వెళ్ళారు.

మరిది లేచి, "ఏంటి వదినా, కౌంటర్‌కి ఆ చొక్కాతోనా?" అన్నాడు.

"కౌంటర్‌కి కాదు. నువ్వెళ్ళు. మళ్ళీ ఫోన్ చేస్తారు" అన్నాను. వాడు తికమకపడి నా మొహం చూసి, ఏం అడగకుండా వెళ్ళిపోయాడు.

ఆయన మిగిలిన అయిదూ విప్పి హెడర్ పక్కకి తీశాక, తలలు తెగిన మూడు బోల్టుల మొండి ముక్కలు ఇంజన్లోనే ఉండిపోయాయి. వాటిని తియ్యడమే పెద్ద పని అనుకున్నాను. తల తెగాక లాగి పట్టే బిగువేమీ మిగల్లేదు కాబట్టి, ఆయన కుడిచేతి వేళ్ళు పెట్టి తిప్పితే, సీసా మూతలా ఒక్కొక్కటే బయటికి వచ్చేశాయి. వేళ్ళకి ఏం తెలిసిందో నాకు తెలియదు, వచ్చిన ప్రతిసారీ ఆయన వాటి వంక కొంచెం ఆశ్చర్యంగా చూసుకున్నారు. ఎనిమిదీ పక్కన పడేసి, "కొత్తవి ఎనిమిది తెప్పిస్తా. పూత వెయ్యి" అన్నారు. ఆ రోజు నాతో మాట్లాడింది అంతే.

మళ్ళీ తొట్టి, మళ్ళీ పచ్చనీళ్ళు. ఈసారి నేను బుడగల్లోకి వెళ్ళిపోలేదు, గడియారం చూస్తూ కూర్చున్నాను. ఓవెన్లో పెట్టగానే ఆయన చాప తెచ్చి దాని ముందు వేసుకుని కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. నాలుగు గంటలు. మొదటి గంట మాటల్లేవు. రెండో గంటలో ఆ కనపడని గాలి గురించి అడిగారు, పెద్దమ్మ చెప్పింది చెప్పాను. మూడో గంటలో ఇద్దరం గోడకానుకుని కునికిపాట్లు పడ్డాం, ఎండ మా కాళ్ళ మీద నుంచి గోడ మీదికి పాకింది. నాలుగో గంట అయ్యాక తలుపు తీస్తే బోల్టులు పాత పుస్తకం కాగితం రంగులో ఉన్నాయి.

"ఇవేం అందంగా లేవు" అన్నాను.

"లేవు" అన్నారు ఆయన, సంతోషంగా.

మర్నాడు బిగించారు, మరిది వదిలివెళ్ళిన కొలత పానాతో. మిగిలిపోయిన కార్బురేటరు పనీ ఆ రోజే పూర్తిచేశారు. ఆపైన మూడు రోజులు ఎవ్వరం కారుని ముట్టుకోలేదు. ఏదీ రాలిపడలేదు.

నాలుగోరోజు పట్టపగలు, మరిదిని పిలిపించి, అతన్ని సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమన్నారు. రెండుసార్లు దగ్గి, మూడోసారి ఇంజను అందుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి. మరిది లోపలినుంచి పెద్దగా ఏదో అరుస్తున్నాడు, వినపడలేదు. గొట్టాలు వేడెక్కకముందే, హెడర్ ఇంజన్‌ని తాకే చోట సందులోంచి పొగ తప్పించుకుంటోందేమో చూడాలి. అరచెయ్యి దగ్గరగా పెడితే గాలి తగులుతుంది. ఆయన నన్ను పిలిచారు.

నేను వంగి, ఎనిమిది బోల్టుల వెంటా, వెల్డింగు గీత వెంటా అరచెయ్యి తిప్పి చూశాను. ఏమీ తగల్లేదు. "లేదు!" అని ఆయన చెవిలో అరిచాను.

అంతకుముందైతే అక్కడితో అయిపోయేది. జబ్బు చేసినప్పటి నుంచి నేను వేడిగా ఉందంటే వేడి, చల్లగా ఉందంటే చల్లన. నా మాట మీద ఆయన రెండోసారి చూసుకున్నది లేదు. ఈసారి ఒక క్షణం నా మొహంలోకి చూశారు. చూసి, నన్ను మెల్లగా పక్కకి జరిపి, తనే వంగారు. ఎడమ అరచెయ్యి మొదటి బోల్టు దగ్గర పెట్టి, తొందరేం లేకుండా, ఒక్కొక్కటే దాటుకుంటూ ఎనిమిదోదాకా వెళ్ళారు. మెడ దగ్గర వెల్డింగు చుట్టూ తిప్పారు. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి చూశారు. వర్క్‌షాపులో ఎన్నోసార్లు అన్నం క్యారేజీ పట్టుకుని నిలబడి నేను చూసిన మనిషి ఆయనే, ఇంకొకరి పని ఎంత బాగున్నా తన చేత్తో చూసుకుంటే గానీ వదలని మనిషి. నాకు గుండెల్లో కలుక్కుమంది. నా మాటకి ఉన్న విలువ పోయింది, నేనే పోగొట్టుకున్నాను. ఆ నొప్పితోనే ఇంత సంతోషం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన నడుం ఎత్తి, చెయ్యి గుడ్డకి తుడుచుకున్నారు.

"లేదు" అన్నారు.